ముద్దకు ముందు దండం

మా నాయనమ్మ జగ్గమ్మ గయ్యాళి. సాలూరు చుట్టుపక్కల ఆమె నోటికి జడవని వాళ్లు లేరు. అలాంటి మనిషి పొద్దుగూకే వేళ అందరినీ కంచాల ముందు కూర్చోబెట్టి దండాలు పెట్టించేది. మొదటి ముద్దకు ముందు, ఆ పూట తిండి ఎవరి చలవో పేరు చెప్పి ప్రతి ఒక్కరం చేతులు జోడించాలి. దేవుడి పేరు చెబితే ఒప్పుకోదు. "ఆయనకి గుడి ఉన్నాది. ఇక్కడ మడిసి పేరు సెప్పండి" అనేది.

యుద్ధం రోజుల్లో, నాకు తొమ్మిదేళ్లప్పుడు, అంగట్లో బియ్యం మాయమయ్యాయి. అదే వేసవిలో మా అయ్య గణపతిరావు చలిజ్వరంతో మంచం పట్టాడు. అయినా రెండు నెలలు మా కంచాల్లో అన్నం తప్పలేదు. మేనత్త గౌరి అత్తవారింటి నుంచి బియ్యం పంపుతోందని నాయనమ్మ చెప్పింది. అందరం రోజూ గౌరత్తకే దండం పెట్టుకున్నాం. ఆ పేరు చెప్పేటప్పుడు అయ్యకైతే కళ్లు చెమర్చేవి.

తొలకరి పడింది. అయ్య లేచి తిరుగుతున్నాడు. మర్నాడు వడ్లు చల్లాలనగా గౌరత్త మమ్మల్ని చూడ్డానికి వచ్చింది. ఆ సాయంత్రం కంచం ముందు అయ్య చెల్లెలి వైపు తిరిగి చేతులు జోడించాడు.

"నీ బియ్యమే మమ్మల్ని బతికించాయే, గౌరీ."

అత్త తెల్లబోయింది. "నానేటి పంపానన్నా? మా ఇంటికాడే గంజినీల్లు తాగతన్నాం!"

నాయనమ్మ తల దించుకుంది. ఆమె తల దించడం నేనెప్పుడూ చూడలేదు. నాకు భయమేసింది.

అయ్య ఒక్క ఉదుటున లేచి, విత్తనాల వడ్లు గడ్డితాళ్లతో చుట్టి దాచిన పురి దగ్గరికి పరిగెత్తాడు. ఏరువాకకు ముందు దాన్ని విప్పడం మా ఇళ్లలో మహాపాపం. లోపలికి చెయ్యి పెట్టి తీస్తే గుప్పెడు ఊక వచ్చింది. మళ్లీ మోచేతిదాకా పెట్టాడు. మళ్లీ ఊకే.

రెండు నెలలుగా నేను తిన్నది మా పొలంలో చల్లాల్సిన విత్తనం!

"ఏటి సేసావమ్మా? రేపు ఏటి జల్లమంటావు?" అని అయ్య అరిచాడు.

"నిజం సెప్తే నువ్వు మెతుకు ముడతావేట్రా? పస్తుండి సచ్చిపోదువు" అంది నాయనమ్మ. ఆ పూట ఆమె ఇంకా దండం పెట్టలేదు. కొడుకు ఎదుటికొచ్చి నిలబడి చేతులు జోడించింది. "ఇయ్యాల నా దండం నీకేరా. తిన్నావు, బతికావు."

కన్నతల్లి తనకు దండం పెడుతుంటే అయ్య "వద్దమ్మా" అంటూ ఆమె చేతులు విడదీసి, కాళ్లు పట్టుకుని ఏడ్చాడు. ఆ ఏడాది మా పొలం బీడుగానే ఉండిపోయింది.