మగ్గం దిగని చీర

దయ్యాలను నేను నమ్మను. ఈ సంగతి జరిగిన తర్వాత కూడా నమ్మడం లేదు. మాది గద్వాలలో చీరలు నేసే ఇల్లు. నేతలో తప్పు వస్తే అది ఏ పోగు దగ్గర వచ్చిందో వెతికి పట్టుకోవచ్చు. యాభై ఏళ్లు దగ్గర పడుతున్న నాకు వెతికినా దొరకని తప్పు ఇంతవరకు ఒక్కటే. దాని గురించే రాస్తున్నాను.

ముందు నా గొప్ప చెప్పుకోవాలి. ఏటా చేనేత ప్రదర్శనకు విశాఖపట్నం పోతాను. పదిహేనేళ్లుగా పోతున్నాను కాబట్టి గద్వాల, వనపర్తి, ఆత్మకూరుల్లో ఎవరు వైజాగ్ బయలుదేరినా ముందు నాకు ఫోన్ చేస్తారు. సింహాచలం పొద్దున్నే పోవాలని, స్వామి ఏడాదంతా చందనం పూతలోనే ఉంటాడని, నిజరూపం ఒక్కరోజే చూపిస్తారని చెబుతాను. రేవు దగ్గర పక్కపక్కనే ఉన్న మూడు గుట్టల మీద గుడి, చర్చి, దర్గా ఉంటాయి. ఓపిక ఉంటే ఒక్క పూటలో మూడూ ఎక్కి దిగొచ్చు. జలాంతర్గామి మ్యూజియానికి సోమవారం సెలవు. ఈ ముక్క నన్ను అడగకుండా పోయి, తాళం ముందు ఫొటో దిగి వచ్చిన వనపర్తి బంధువులు నాకున్నారు.

ఇంకో సంగతి. మా దిక్కు ఆరేసిన బట్ట గంటలో ఎండుతుంది. అక్కడ రాత్రి ఆరేస్తే తెల్లారినా తేమ పోదు. జత ఎక్కువ పెట్టుకోవాలి. కైలాసగిరి మీద గాలికి కొంగు నిలవదు, పిన్ను పెట్టుకోవాలి. ఆటో అతను "ఇదిగో ఇక్కడే, దగ్గరే" అన్నాడంటే మధ్యలో ఒక ఎత్తు ఉందని అర్థం. ఊరంతా ఎక్కుడు దిగుడే కాబట్టి కొత్త చెప్పులతో పోకూడదు.

నాలుగేళ్ల కిందట మా ఇంటామె సువర్ణ తానూ వస్తానంది. పెళ్లయిన నాటి నుంచి నా మగ్గానికి నూలు కండెలు చుడుతున్న మనిషి, సముద్రం చూడలేదు. సరే అన్నాను. దారి పొడుగునా పైవన్నీ చెప్పాను. ఆమె చెవులు చిల్లులు పడి ఉంటాయి.

బయలుదేరే ముందు రోజు మగ్గం మీద ఒక చీర సగంలో ఉంది. చిలకపచ్చ నూలు ఒళ్లు, వంగపండు రంగు పట్టు అంచు. అంచు పొడుగునా కోటకొమ్మలు, అంటే గుడి శిఖరాల్లాంటి మొనలు వరసగా వస్తాయి. స్టాలు గురించి ఫోన్ వచ్చి మాట్లాడుతూ నేశాను. లెక్క తప్పింది. ఒక కొమ్మకు ఒక మొన రావాల్సిన చోట రెండు వచ్చాయి, పాము నాలుకలాగా. చూసుకునేసరికి ఇంకో జానెడు నేసేశాను. పైగా ఆ కొమ్మ తర్వాత అంచు పట్టు అయిపోతే వేరే కండె వేశాను. అది ఒక చాయ ముదురు. తిరిగొచ్చి అంతవరకు విప్పుదామని మగ్గం మీద గుడ్డ కప్పి వెళ్లాను. ఆ తప్పు చూసింది నేను, సువర్ణ, ఇద్దరమే.

వైజాగ్‌లో దిగిన రెండో రోజు పొద్దున, స్టాలు తెరవకముందే, ఆమెను బీచికి తీసుకుపోయాను. ఎండ చురుక్కుమంటోంది. జనం బాగానే ఉన్నారు. ఆమెను ఇసుకలో నిలబెట్టి, టీ తెస్తానని రోడ్డు మీదికి వెళ్లాను.

మా ఆడవాళ్లకు ఒక అలవాటుంది. బీచుపల్లిలో కృష్ణా నది దగ్గరికి పోయినప్పుడు గంగమ్మకు పసుపు కుంకుమలతో రవిక గుడ్డ ఒకటి నీళ్లలో విడుస్తారు. కొత్త నీళ్లు చూసినా అంతే. సువర్ణ నాకు చెప్పకుండా ఇంటి నుంచే ఒక గుడ్డ తెచ్చుకుంది. మేమే నేసిన గుడ్డ.

కృష్ణలో విడిచింది కిందికి పోతుంది. సముద్రంలో విడిచింది వెనక్కి వస్తుంది. ఇంత చిన్న సంగతి ఆమెకు తెలియదు, నేను చెప్పలేదు. ఏటేటా పోయే పెద్దమనిషిని, చెప్పుల సంగతి కూడా చెప్పినవాణ్ని, ఇది మరిచాను. ఇప్పటికీ తలుచుకుంటే సిగ్గేస్తుంది.

అల గుడ్డను తెచ్చి ఆమె కాళ్ల దగ్గర పడేసింది. గంగమ్మ వద్దన్నదేమోనని ఆమె భయపడింది. ఇంకొంచెం లోపలికి పోయి విడిచింది. మళ్లీ వచ్చింది. మూడోసారి తీసుకుని నడుము లోతుకు పోయింది.

నేను రెండు టీ గ్లాసులతో వస్తూ చూశాను. ఆమె వెనక అల లేచింది. ఆమె ఒడ్డువైపు తిరిగి గుడ్డకోసం వంగి ఉంది. పిలిచాను, వినబడలేదు. గ్లాసులు పడేసి ఉరికాను కానీ, నేను అందుకునే దూరంలో లేను. అంత భయం నాకు జన్మలో ఎప్పుడూ వేయలేదు.

పక్కనుంచి ఒకామె, అరవై ఏళ్లుంటాయి, గబగబా దిగి సువర్ణ రెక్క పట్టుకుని ఒక్క గుంజు గుంజింది. అల ఇద్దరి మీదా పడింది. కానీ అప్పటికే మోకాటి లోతులో ఉన్నారు. పడ్డారు, లేచారు. అంతే.

"ఇది నదనుకున్నావేటమ్మా? ఎనక్కిచ్చిందంటే తీసుకుని వచ్చీడమే!" అని ఆమె కోప్పడింది. తడి గుడ్డ సువర్ణ చేతిలో పెట్టింది.

నేను చేతులు జోడించాను. ఆమె ఒడ్డున నిలబడి చీర అంచు పిండుకుంటోంది. నేతవాడి కన్ను ముందు అంచు మీదికే పోతుంది. చిలకపచ్చ ఒళ్లు, వంగపండు అంచు, కోటకొమ్మలు. ఆమె పిడికిలి పక్కనే రెండు మొనల కొమ్మ. దాని తర్వాత ఒక చాయ ముదురు పట్టు.

చీర పాతది. ఎన్నో ఉతుకులు చూసి మెత్తబడిన నూలు. కుచ్చిళ్ల దగ్గర సన్నగా రఫ్ఫు చేసి ఉంది.

"ఈ చీర ఎక్కడ కొన్నారమ్మా?" అని అడిగాను.

"ఎప్పటిదో బాబూ, గద్వాల చీర. బాగా మన్నింది" అని చెప్పులు చేతపట్టుకుని రోడ్డువైపు ఎక్కిపోయింది. మాయం కాలేదు. అందరిలాగే నడిచి పోయింది. సువర్ణ వణుకుతూ నన్ను పట్టుకుని ఉంది, అందుకే వెంట పోలేదు. ఫొటో తీయలేదు. అందుకు నన్ను నేను ఇప్పటికీ తిట్టుకుంటాను.

గదికి వచ్చాక నేను నోరు తెరవకముందే సువర్ణే అంది: "ఏమయ్యా, ఆమె కట్టుకున్నది మన చీరనే. మగ్గం మీదున్నది."

గద్వాల చేరగానే కాళ్లు కూడా కడుక్కోకుండా మగ్గం మీది గుడ్డ తీసి చూశాను. చీర సగంలో అట్లాగే ఉంది. రెండు మొనల కొమ్మ, ముదురు పట్టు, నేను ఆపిన చోటే ఆగి ఉంది.

ఇంకెవరో నేసి ఉండవచ్చు కదా అంటారు. రంగులు కలవవచ్చు, ఒప్పుకుంటాను. అదే తప్పు ఇంకొకరికి రావచ్చు, అదీ ఒప్పుకుంటాను. అదే తప్పు తర్వాత అదే చోట పట్టు చాయ మారడం మాత్రం నాకు మింగుడు పడలేదు. ఆమె కొంగు నడుముకు దోపుకుని ఉండటంతో కొంగు ఎట్లా ఉందో చూడలేదు. చూసి ఉంటే బాగుండేది.

విప్పడానికి కూర్చున్నాను. సువర్ణ వచ్చి చేయి పట్టుకుంది.

"విప్పకు. గట్లనే ఉండనీ."

తప్పున్న చీర నా మగ్గం దిగడం అదే మొదటిసారి. మిగతాది నాకు తోచినట్టు నేసి, కొంగుకు మామిడి పిందెలు వేశాను. అమ్మనని, పెట్టెలో దాచుకుందామని అన్నాను. ఆమె ససేమిరా ఒప్పుకోలేదు.

"పెట్టెల పెడితే ఆమె ఏం కట్టుకోని వస్తది? నన్నెవరు గుంజుతరు?"

జరిగిపోయింది కదా అంటే, "నాకు తెల్వదు. చీర అయితే పోవాలె" అంది.

మరుసటి ఏడు ప్రదర్శనకు ఆ చీర తీసుకుపోయాం. నేను భోజనానికి పోయి వచ్చేలోపు అమ్ముడైంది. ఆమే వచ్చిందా అని అడిగాను.

"కాదు. చిన్నపిల్ల. ఇరవై ఏండ్లు గిట్ల ఉంటయి, మెడల కొత్త పసుపుతాడు" అంది సువర్ణ. "రెండు మొనలున్నది చూపిచ్చిన. జర తప్పు పడ్డదమ్మా, ఇంకోటి తీస్కోమన్న. ఇదే బాగుందని నవ్వుకుంట తీస్కపోయింది."

ఆ పిల్ల ఎవరో, ఎక్కడుంటుందో మేం అడగలేదు. మేం అంతకు ముందు ఏడే బీచిలో చూసిన మనిషికి అరవై ఏళ్లు. ఈ లెక్క ఎన్నిసార్లు వేసినా నాకు కుదరలేదు.

ఇప్పుడు ఎవరు వైజాగ్ పోతున్నానన్నా నేను ముందు చెప్పేది సింహాచలం కాదు. సముద్రానికి వీపు చూపించకండి, అది వెనక్కిచ్చింది తీసుకుని బయటికి వచ్చేయండి అని చెబుతాను.

సువర్ణ అప్పుడప్పుడు కండెలు చుడుతూ చుడుతూ ఆగి, "ఆ చీర మంచిగ మన్నుతదా?" అని అడుగుతుంది. మన్నుతుంది అని చెబుతాను. నాకెట్లా తెలుసో మాత్రం చెప్పలేను.