ముప్పై ఒకటో ప్రయాణికుడు

రామలింగయ్యకు బీపీ లేదు, షుగరు లేదు, డెబ్బై తొమ్మిదేళ్లకు కూడా పళ్లన్నీ సొంతవే. ఉన్నది ఒక్కటే జబ్బు: అచ్చులో ఉన్నది ఉన్నట్టు చదవలేడు.

పేపరు చేతికొస్తే చాలు, ఎదురుగా ఎవరు కూర్చుంటే వాళ్లు అందులోకి ఎక్కేస్తారు. కౌతాళం రైతు వచ్చి కూర్చున్నాడా, ఆ రోజు వాన కౌతాళానికే. పెళ్లిపత్రిక చదివితే పిలవని చుట్టాలు నలుగురు అందులో చేరతారు. పాపం, వాళ్లు నమ్మి పెళ్లికి పోయి మొదటి పంక్తిలో కూర్చుంటారు. ఇక భార్య కన్యకమ్మ రాశిఫలాలు అడిగితే, "ఈ రాశి స్త్రీలు ఈ పూట పొయ్యి జోలికి పోరాదు, ఉగ్గాని బజ్జి బయటినుంచి తెప్పించుకోవలెను" అని వారానికి నాలుగు రోజులు వస్తుంది.

"యాడుంది అట్ల?" అని ఆమె పేపరు లాక్కోబోతుంది.

"ఈడుంది సూడు" అని ఆయన వేలు పెడతాడు. ఆ వేలి కింద ఎప్పుడు చూసినా బోరుబావుల ప్రకటనే.

ఇలాంటి మనిషిని నమ్మి నిండా మునిగింది మనవరాలు మాధురి. ఆదోనిలోనే కాలేజీలో ఫిజిక్సు చెబుతుంది. కొలవనిదే దేన్నీ నమ్మదు, ఒక్క తాతను తప్ప.

చిన్నప్పుడు తాత ఆమెకు ఒక నవల కథ చెప్పాడు. పేరు 'శుక్రుడికి ఏడుగురు'. చంద్రుడి మీద ఇంకా ఎవరూ కాలు పెట్టని రోజుల్లో అచ్చయిన పుస్తకం. తన అన్న నడిపే జిన్నింగు మిల్లులో పత్తిలో చెత్త ఏరే ఆడవాళ్లకు రామలింగయ్య దాన్ని రోజుకింత చొప్పున చదివి వినిపించేవాడు. ఆయన చెప్పే కథలో ఆ ఏడుగురూ కాక ఇంకో ముప్పైమంది దాకా తేలేవాళ్లు. రాకెట్టు చుక్కాని పట్టేది కౌతాళం ఆడమనిషి. వంట చూసేది ఆదోని ఆమె. శుక్రుడి మీద దిగీ దిగగానే అందరికీ జొన్నరొట్టెలు కాల్చి పెట్టిందట.

"ఏడుగురే కదా తాతా?" అని చిన్న మాధురి వేళ్లు మడిచేది.

"టికెట్టు తీసినోళ్లు ఏడుగురు" అనేవాడు తాత.

పెద్దయ్యాక ఆ పుస్తకం కోసం మాధురి ఆరేళ్లు వెతికింది. తిరగని లైబ్రరీ లేదు, ఫోను చెయ్యని పాత పుస్తకాల అంగడి లేదు. తాతను అడిగితే, "చెదలు తినింటాయిలే, ఇడ్సిపెట్టు" అనేవాడు, ఆమె మొహం చూడకుండా.

మొన్న ఫిబ్రవరిలో దొరికింది! ఎమ్మిగనూరులో మగ్గం నేస్తూనే ఒకప్పుడు అద్దెపుస్తకాల అంగడి నడిపిన తిక్కయ్య దగ్గర ఉందట. మాధురి స్టాఫ్ రూములోనే గంతేసింది. కానీ తిక్కయ్య తాను వెంట లేకుండా పుస్తకాన్ని ఊరు దాటనివ్వడు. "నేనే ఎత్తుకొనొస్తా. నువ్వు సదువు. అయినంక మళ్లా నేనే ఎత్తుకపోతా" అన్నాడు.

అంతే, మాధురి ఆగలేదు. ఆదివారం పొద్దున మిల్లు ఆవరణలో సభ అని ఐదువందల కరపత్రాలు కొట్టించింది. "మరుగునపడిన తొలినాటి అంతరిక్ష నవల! రాకెట్టు నడిపింది కౌతాళం మహిళ! రండి, వినండి!"

కరపత్రం చూడగానే రామలింగయ్యకు గొంతు పట్టేసింది. సాయంత్రానికి మోకాలు పట్టేసింది. శనివారం పొద్దున పేపరు తెరిచి, "రేపు ఆదోనిలో తుపానంట" అన్నాడు.

"యాడుంది?" అంది మాధురి.

"ఈడుంది సూడు."

బోరుబావులు.

ఆదివారం ఎండ మండిపోయింది. ప్రిన్సిపాలు వచ్చాడు, పేపరు విలేకరి వచ్చాడు. మిల్లులో ఆనాటి శ్రోతల్లో కౌతాళం నుంచి బసమ్మ, ఆదోనిలోనే ఉండే దేవక్క వచ్చి ముందు వరసలో కూర్చున్నారు. తిక్కయ్య బస్సు దిగి, తువాలులో చుట్టిన పుస్తకాన్ని తెచ్చి మాధురి చేతిలో పెట్టాడు. ఆరేళ్లుగా ఈ నిమిషం కోసమే కదా! గబగబా తెరిచి చదవసాగింది. ఏడుగురి పేర్లు వచ్చాయి. ఏడుగురూ మగవాళ్లే. రాకెట్టు లేచిపోయింది.

దేవక్క చెయ్యెత్తింది. "పాపా, నన్ను మర్సిపోయి పోతాండారు."

"మీ పేరు ఇందులో లేదమ్మా."

"నేను ల్యాకుంటే వంటెవురు సేసినారు?"

మాధురి పేజీలో వెతికింది. "మాత్రలు మింగినారంట."

"అందుకే అంత నీరసంగా మాట్లాడతాండారు!"

"మరి చుక్కాని?" అంది బసమ్మ.

"అది దానంతటదే తిరుగుతుందంట."

"ఇంగేం, యాడో గుద్దుకుంటాది."

ప్రిన్సిపాలు కరపత్రం తీసి మళ్లీ చదువుకున్నాడు. విలేకరి పెన్ను మూత పెట్టేశాడు. మాధురికి మొహం మండిపోయింది. ఏదో ఒక మూల కౌతాళం కనబడకపోతుందా అని చివరి అధ్యాయం తీసింది. ఇంధనం చాలక ఇద్దరిని శుక్రుడి మీదే వదిలేసి ఐదుగురు తిరిగొచ్చారు. అంతే కథ.

మాధురి తలెత్తింది. రామలింగయ్య పత్తి బేళ్ల చాటుగా గేటు వైపు నడుస్తున్నాడు. పట్టేసిన మోకాలు బ్రహ్మాండంగా పనిచేస్తోంది.

"తాతా! ఇంతమందిలో నన్ను అబద్ధాలకోరును సేసినావు కదా! యాడుంది కౌతాళం మహిళ?"

అలవాటు కొద్దీ ఆయన వేలు లేచింది. పెట్టడానికి పేజీ లేదు. గాల్లోనే ఉండిపోయింది.

"ఈడుంది సూడు" అని బసమ్మ లేచి నిలబడింది. "నేనే, పాపా. మీ తాత ఈ కథ సదివే యేడు పని తక్కువైందని మీ పెద్దతాత నన్నూ దేవక్కనూ పన్లోంచి తీసేసినాడు. మరుసటి దినం అందరూ కథకు కూసుంటే, మీ తాత పుస్తకం మూసేసినాడంట. 'చుక్కాని పట్టే బసమ్మ ల్యాదు, వంట సేసే దేవక్క ల్యాదు, రాకెట్టు కదల్దు' అన్నాడంట."

"మీ పెద్దతాతకేమో కథ పిచ్చి" అని దేవక్క అందుకుంది. "దినామూ తలుపెనక నిలబడి ఇనేటోడు. మూడు దినాలు ఓర్సుకున్నాడు. నాలుగో దినం బయటికొచ్చి, 'ఒరే, రాకెట్టు ఏమైందిరా?' అన్నాడంట. 'ఏముందన్నా, గాల్లో నిలబడింది' అన్నాడంట మీ తాత. సాయంత్రానికి మళ్లా పనికి రమ్మని మా ఇండ్లకు మనిషిని పంపినారు!"

బసమ్మ నవ్వింది. "ఆ తరవాత ఎవురిని తీసేస్తారని తెలిసినా, ఆ పొద్దే వాళ్లను రాకెట్టు ఎక్కించేటోడు. ముప్పైమందిమి ఎక్కినాం. ఒక్కరం దిగలే."

చిన్నప్పుడు తాను మడిచిన వేళ్లన్నీ మాధురికి గుర్తొచ్చాయి. కోపం ఎటుపోయిందో పోయింది. తాత మీద ప్రేమ పొంగి, అంతమందిలోనూ పకపకా నవ్వేసింది. విలేకరి పెన్ను మూత తీశాడు.

వెనక నుంచి తిక్కయ్య గొంతు సవరించుకున్నాడు. "అది సరేప్పా, శుక్రుడి మీద ఇడ్సిన ఆ ఇద్దరి సంగతి? వాళ్లను తలుసుకుంటే నిద్ర పట్టదని నేను ఆ పుస్తకం అద్దెకిచ్చేదే మానుకుంటి."

"ఇడ్సిపెట్టి ఎట్లొస్తారప్పా! ఈ పాపకు సదవను రాదు. ఇట్ల తే" అని రామలింగయ్య పుస్తకం అందుకున్నాడు. గొంతు గంటలా మోగింది. "ఇంధనము చాలకపోయెను. అంతట ఎమ్మిగనూరు తిక్కయ్య అను నేతగాడు ఆదోని పత్తితో నేసిన గుడ్డను రాకెట్టునకు తెరచాపగా కట్టెను. అందరును ఎక్కిరి. అందరును ఇల్లు చేరిరి."

తిక్కయ్య అంగలేసుకుంటూ ముందుకొచ్చాడు. "యాడుంది?"

"ఈడుంది సూడు."

తిక్కయ్య వంగి చూశాడు. వేలి కింద 'సమాప్తం' అన్న ఒక్క ముక్కే ఉంది. తువాలు భుజాన వేసుకున్నాడు.

"అవునప్పా," అన్నాడు, "నా పేరే."