అమావాస్య నాటి తనిఖీ

అది 1968. తార్నాకలో అప్పటికి ఇళ్ల కంటే ఖాళీ జాగాలే ఎక్కువ. చౌరస్తా దాటి యూనివర్సిటీ వైపు నడిస్తే రెండు పక్కలా బండరాళ్లు, తుప్పలు, వాటి మధ్య కొత్తగా లేస్తున్న హాస్టళ్లు, లేబొరేటరీలు కనిపించేవి. ఆ రాళ్లు కొట్టేవాళ్లూ మోసేవాళ్లూ పాలమూరు, నల్లగొండ పల్లెల నుంచి వచ్చినవాళ్లు. నేను మున్సిపల్ ఆఫీసులో ఆరోగ్య విభాగం గుమాస్తాని. ముషీరాబాద్‌లో ఇల్లు, సైకిలు మీద ఆఫీసు, సాయంత్రం దాకా ఫైళ్లు. గుమాస్తా బతుకులో చెప్పుకోదగ్గ కథేముంటుందని మీరు అనుకోవచ్చు. చాలామటుకు ఏమీ ఉండదు. ఈ ఒక్కటి మాత్రం ఉంది.

మా బడ్జెట్‌లో ‘నైట్ షెల్టర్’ అని ఒక హెడ్ ఉండేది. హెడ్ అంటే ఖర్చుకు పెట్టిన పేరు. ఆ పేరు ఉన్నంత కాలం దాని కింద పైసలు వస్తాయి. ఒకసారి కొట్టేశారా, మళ్లీ ఎక్కించడం బ్రహ్మతరం కూడా కాదు. ఆ హెడ్ కింద మాకున్నదల్లా తార్నాక చౌరస్తాకు కాస్త ఇవతల ఉన్న ఒక పాత రేకుల షెడ్డు. ఇల్లూ వాకిలీ లేని కూలీలు రాత్రిపూట తలదాచుకోవడానికి దాన్ని ఇచ్చారు. ఒక కాపలామనిషి జీతం, లాంతర్లకు కిరసనాయిలు, ఒక నల్లా, ఏడాదికోసారి గోడలకు సున్నం. మున్సిపాలిటీ చేసిన ధర్మం అంతే.

ఆ కాపలామనిషి పేరు మరియమ్మ. భర్త రాళ్ల పనిలో పోయాడు. మనిషి సన్నగా ఉన్నా గొంతు మాత్రం షెడ్డు ఈ కొస నుంచి ఆ కొసకి వినిపించేది. షెడ్డు గోడకు మేం ఒక బోర్డు కొట్టించాం: ‘ఉదయం ఆరు గంటల తర్వాత లోపల మనుషులు ఉండరాదు, సామాను ఉంచరాదు.’ మరియమ్మకు చదువు రాదు. అయినా ఆ రెండు ముక్కలూ ఆమెకు ప్రార్థనలా కంఠతా వచ్చు. తెల్లారేసరికి అందరినీ లేపి, మూటలతో సహా బయటికి పంపి, నేల మీది షాబాదు బండలన్నీ కడిగించేది. ఒక్క గడ్డిపరక మిగలనిచ్చేది కాదు.

మా పైఆఫీసరు శేషగిరిరావుగారు. మంచివాడే. లంచం ముట్టడు, అబద్ధం రాయడు, కంటితో చూసిందే రాస్తాడు. చిక్కంతా అక్కడే వచ్చింది. బడ్జెట్ అంచనాలు తయారుచేసే ముందు ప్రతి హెడ్ కింద పని జరుగుతోందో లేదో తనిఖీ చేయాలి. ఆయన ఆ చలికాలం ఒకనాడు పొద్దున పదకొండు దాటాక జీపులో తార్నాక వెళ్లాడు. షెడ్డు అద్దంలా ఉంది. లోపల నరపురుగు లేదు. తిరిగొచ్చి ఫైల్లో ఇలా రాశాడు: ‘శుభ్రంగా, ఖాళీగా ఉంది. వాడుకలో ఉన్నట్టు కనిపించదు.’

ఆ ముక్క చాలు. అప్పటికే ఒక కాంట్రాక్టరు ఆ షెడ్డును సిమెంటు బస్తాలు పెట్టుకోవడానికి అద్దెకు అడుగుతున్నాడు. వాడుకలో లేని షెడ్డు మీద ఖర్చు పెట్టే బదులు అద్దె వస్తే ఎవరికి చేదు? హెడ్ కొట్టేసి షెడ్డు అద్దెకివ్వాలని నోట్ రాయమని ఫైలు నా బల్ల మీదికి వచ్చింది. రాత్రి మనుషులు నిద్రపోయే చోటికి పగలు వెళ్లి మనుషులు లేరని రాయడం, పెళ్లింటికి మర్నాడు వెళ్లి భోజనాలు పెట్టలేదన్నట్టుంది. ఆ మాట ఆయనతో అనే ధైర్యం నాకు లేదు. నోట్ రాయకుండా బస్సెక్కి తార్నాక వెళ్లాను.

మరియమ్మ షెడ్డు అరుగు మీద కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతోంది.

“పెద్దసారు వచ్చినప్పుడు ఏం చెప్పినవ్ మరియమ్మా?” అని అడిగాను.

“ఏం చెప్తా సారూ? ఆయన అడగలే, నేను చెప్పలే. చుట్టూ చూసిండు, శుభ్రంగ ఉన్నదన్నడు. మస్తు సంబరమైంది నాకు.”

“శుభ్రంగ ఉన్నదనే రాసిండు. ఎవరూ ఉంటలేరని కూడ రాసిండు. షెడ్డు సిమెంటుకు ఇస్తరట.”

ఆమె చేట కింద పెట్టింది. “ఉంటలేరా? గింతమంది పండుకుంటుంటే ఉంటలేరంటడా? పనికి పోకుండ పొద్దంత గీడ్నే కూసుంటేనే ఉన్నట్టా?”

“రాత్రి పండుకునేటోళ్ల వేలిముద్రల పుస్తకం ఉన్నది గద అని ఆఫీసుల నేనంటే, వేలిముద్రలు ఎవరైన వేస్తరు అన్నడు పెద్దసారు.”

“మరి షెడ్డు వోతే వీళ్లు యాడ పండుకోవాలె?”

జవాబు కూడా ఆమే చెప్పింది. “ఇంతకుముందు యాడ పండుకున్నరో ఆడ్నే. చెట్ల కింద, బస్సులు ఆగే కాడ. నర్సయ్య పెండ్లాం గట్లనే పాయె, షెడ్డు రాకముందు చలికాలం. తెల్లారి లేపితే లేవలే.”

నర్సయ్య అక్కడే ఉన్నాడు. ముసలి రాతిపనివాడు. రాళ్ల పెచ్చులు ఎగిరి పడీ పడీ చూపు పోయింది. పని దగ్గర తల్లులు వదిలిన పిల్లలను కాస్తూ వాళ్లు పెట్టింది తినేవాడు. అతనొక్కడే కాదు, ఆ రోజు నల్లా దగ్గర చాలామంది ఉన్నారు. ఆడవాళ్లు తలంట్లు పోసుకుంటున్నారు, మగవాళ్లు బీడీలు కాలుస్తున్నారు. క్యాంపస్ వైపు నుంచి సుత్తి చప్పుడే లేదు. అది నాకు అప్పుడు తట్టింది.

“ఈ రోజు పని బందా?”

“అమాస గద సారూ,” అంది మరియమ్మ. “మేస్త్రీలు అమాసనాడు తాపీ ముట్టరు. నాకు అమాస లేదు, చర్చికి పోయేటోళ్లం. గని వాళ్లకున్నది.”

పల్లెలో పుట్టిన నాకు ఇది తెలియని సంగతి కాదు. ఆఫీసులో కూర్చుని కూర్చుని మరిచిపోయాను. వాళ్లకు ఆదివారం లేదు, పండగ లేదు. నెలకు ఒక్క అమావాస్యే సెలవు. మళ్లీ అమావాస్య వచ్చిన రెండు మూడు రోజులకు అంచనాలు కమిటీకి వెళతాయి. సమయం చాలీచాలనట్టు ఉంది గానీ ఉంది.

మర్నాడు శేషగిరిరావుగారి గదిలోకి వెళ్లాను.

“తార్నాక షెడ్డు ఇంకోసారి చూస్తే బాగుంటుంది సార్.”

“చూశాం కదయ్యా.”

“పగలు చూశాం సార్. అది రాత్రి షెడ్డు.”

“ఆఫీసు వేళలో చేసిందే తనిఖీ. రాత్రిళ్లు తిరగడానికి నేనేమన్నా గూర్ఖానా? పోనీ ఆదివారం వెళ్దామంటే అది సెలవు.”

“ఆదివారం వాళ్లకు పని ఉంటుంది సార్. వాళ్లు ఖాళీగా ఉండేది అమావాస్య నాడే.”

ఆయన బల్ల సొరుగులోంచి పంచాంగం తీశాడు. వేలితో వెతికి, కళ్లజోడు పైనుంచి నన్ను చూశాడు. “పుష్య మాసం, పైగా అమావాస్య. ఆ పూట ఎవరైనా పని మొదలుపెడతారటయ్యా? మా ఇంట్లో ఆ రోజు కొత్త చీపురు కూడా కొనరు.”

వాళ్లను ఖాళీగా ఉంచే ఆచారమే ఈయన్ను కుర్చీలోంచి లేవనివ్వడం లేదు. నేను రాత్రంతా ఆలోచించుకున్న మాట అప్పుడు తీశాను. “మొదలుపెట్టడం లేదు సార్. తనిఖీ మొదలైంది పోయిన నెల దశమి నాడు. ఫైలు ఇంకా మూయలేదు. ఇది దాని కొనసాగింపే.”

ఆయన నన్ను చూసి నవ్వాడు. “గుమాస్తా బుద్ధి పోనిచ్చావు కాదు. సరే, వర్జ్యం దాటాక వెళ్దాం.”

మరియమ్మకు అటెండరుతో కబురు పంపాను. ‘అమావాస్యనాడు పెద్దసారు వస్తాడు. అందరినీ ఉండమను, ఎవరినీ ఎటూ పోనియ్యకు.’

అమావాస్య వచ్చింది. జీపు చౌరస్తా దాటి షెడ్డు ముందు ఆగింది. తలుపులు బార్లా తీసి ఉన్నాయి. శేషగిరిరావుగారు లోపలికి తొంగి చూశాడు. బండలు అప్పుడే కడిగినట్టు తడిగా మెరుస్తున్నాయి. నరమానవుడు లేడు.

“మళ్లీ ఖాళీయేనా?” అన్నాడు.

వెనక్కి తిరిగి చూస్తే రోడ్డు అవతల క్యాంపస్ గోడ పొడుగునా అందరూ వరసగా కూర్చుని ఉన్నారు. ఉతికిన బట్టలు, నూనె పెట్టిన తలలు, ఎవరి మూట వాళ్ల ఒళ్లో. మరియమ్మ కొంగు సర్దుకుంటూ పరుగున వచ్చింది.

“అందరినీ ఉంచమన్న గదనే!” అన్నాను, కోపం ఆపుకోలేక.

“ఉంచిన గద సారూ, ఒక్కలు గూడ ఎటు పోలే. లోపల ఉంచుతే ఎట్ల? ఆరు దాటినంక ఉండొద్దని మీరే రాసిండ్రు. పెద్దసారు ముంగట రూలు తప్పుతనా?”

ఆమెను అనడానికి ఏముంది? శేషగిరిరావుగారు రోడ్డు అవతలికి చూసి గడ్డం గోక్కున్నాడు. “వీళ్లు ఇక్కడే పడుకుంటారని నాకెలా తెలుస్తుందయ్యా? పక్కన పని దగ్గర్నుంచి నలుగురిని తెచ్చి కూర్చోబెట్టొచ్చు. నేను కళ్లారా చూడంది రాయను.” ఆయన మాటలో దురుద్దేశం లేదు. జీపు వైపు తిరిగాడు.

మరియమ్మ ఒక్క క్షణం ఆయన వీపు వంక చూసింది. తర్వాత రోడ్డు అవతలికి కేక వేసింది. “లేవుండ్రి అందరు! లోపలికి వోయి ఎవల జాగల వాళ్లు పండుకోండ్రి!”

వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మిట్టమధ్యాహ్నం పడుకోవడమేమిటి? ముందు నర్సయ్య లేచాడు. ఎవరో చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించారు. గడప దాటాక చెయ్యి విడిపించుకుని, గోడను తడుముకుంటూ పోయి, పగులు ఒకటి చేతికి తగలగానే ఆగి, అక్కడ మూట తల కింద పెట్టుకుని తడి బండ మీద పడుకున్నాడు. వెనకే మిగతావాళ్లు వచ్చారు. తల్లి గోడవైపు, పిల్లలు మధ్యలో, తండ్రి ఈ పక్క. పెళ్లికాని పిల్లలు మరియమ్మ మంచం ఉండే మూల. ‘జరుగు’ అన్న మాట ఒక్కరి నోటి నుంచీ రాలేదు. చూస్తుండగానే షెడ్డు నిండింది. అద్దెకు తెచ్చినవాళ్లయితే జాగా కోసం కొట్టుకుని ఉండేవాళ్లు. ఆ సంగతి శేషగిరిరావుగారికి నేను చెప్పనక్కర్లేకపోయింది.

తలుపు దగ్గర ఒక మనిషి పట్టేంత జాగా మిగిలింది. ఆయన దాన్ని చూపించాడు. “అక్కడెవరూ లేరేం?”

“గా జాగ కొత్తగ వచ్చేటోళ్లకు సారూ. ఊరి నుంచి ఎవలో ఒకలు వస్తనే ఉంటరు.”

ఆయన నిలబడే కాగితం తీసి రాసుకోవడం మొదలుపెట్టాడు. ఆయన బూటు పక్కనే ఒక పడుచు పిల్ల కొంగు మొహం మీదికి లాక్కుని పడుకుని ఉంది. ఒక పెద్దమనిషి కళ్లు తెరిచి పైన రేకుల వంక చూస్తున్నాడు. నేను కోరుకున్నది జరిగింది, హెడ్ నిలబడింది. కానీ నాకు సంతోషం వేయలేదు, సిగ్గేసింది. కష్టం చేసుకుని బతికేవాళ్లు మాకు నమ్మకం కుదరడం కోసం పట్టపగలు మా కాళ్ల దగ్గర పడుకోవాల్సి వచ్చింది. నేనూ బయటికి పోకుండా అక్కడే నిలబడి చూశాను.

ఆ ఏడు షెడ్డుకు డబ్బు మంజూరైంది. కాంట్రాక్టరు సిమెంటుకు వేరే చోటు చూసుకున్నాడు. ఆ తర్వాత నా చేతికి ఏ పథకం ఫైలు వచ్చినా, దాన్ని వాడుకునేవాళ్లు ఏ వేళకు వస్తారని ముందు అడిగేవాణ్ని. ఈ కేసు నేర్పింది అదేననుకున్నాను. నేర్చుకోవాల్సింది ఇంకా మిగిలే ఉందని మరుసటి ఏడాది తెలిసింది.

శేషగిరిరావుగారికి బదిలీ అయింది. కొత్త ఆఫీసరు, నల్లా పాడైందని ఫిర్యాదు వస్తే చూద్దామని, నన్ను వెంటబెట్టుకుని బయల్దేరాడు. ముసురు పట్టి ఉంది, క్యాంపస్‌లో పనులు ఆగిపోయాయి. జనం షెడ్డు చూరు కింద తడుస్తూ నిలబడి ఉన్నారు. రూలు రూలే కదా. మా జీపు కనబడగానే ఎవరూ ఏమీ అనకుండానే అందరూ లోపలికి నడిచారు. మేం దిగి వెళ్లేసరికి ఎవరి జాగాలో వాళ్లు కళ్లు మూసుకుని పడుకుని ఉన్నారు.

“ఏమిటిది? వీళ్లకేమన్నా జబ్బా?” అన్నాడు కొత్త ఆఫీసరు.

“జబ్బేంది సారూ,” అంది మరియమ్మ. “మీరొచ్చిండ్రు గద.”

ఆయనకు అర్థం కాలేదు. నల్లా చూడటానికి వెనక్కి వెళ్లాడు. ఆఫీసరు వస్తే పడుకుని చూపించాలన్నది కూడా షెడ్డు షరతుల్లో ఒకటని వాళ్లు అనుకున్నారు. ఒకసారి మేం అడిగిన రుజువు వాళ్లకు బోర్డు మీద రాయని రూలైపోయింది.

“లేవండి, అక్కర్లేదు,” అన్నాను. ఎవరూ కదల్లేదు. గోడ పక్క నుంచి నర్సయ్య గొంతు వచ్చింది.

“పెద్దసారు రాసుకున్నడా?”

కొత్త ఆఫీసరు జేబులోంచి కలం కూడా తీయలేదు.

“రాసుకున్నడు, లే పెద్దయ్యా,” అన్నాను. అప్పుడు గానీ వాళ్లు లేవలేదు.