ముడి చూసిన మా పిన్ని

మా పిన్నిని అందరూ మొండిఘటం అంటారు. అనేవాళ్ల నోళ్లు పడిపోను, అననీయండి!

ఆవిడ ఎత్తైన భవనాల బయటి గోడలకు రంగులు వేస్తుంది. మేడ మీద స్తంభానికి తాడు ముడివేసి, కొంచెం కొంచెంగా వదిలేది మా బాబాయి. ఆ తాడుకు వేలాడే పలక మీద కూర్చుని కిందికి దిగేది పిన్ని. ఈ పనివాళ్లకు ఒక పట్టింపు ఉంది: దిగేవాళ్లు ముడి వంక చూడకూడదు. చూస్తే పైనున్న మనిషిని అవమానించినట్టే. పెళ్లైన నాటి నుంచీ పిన్ని ఎన్నడూ చూడలేదు.

కిందటి వేసవిలో బాబాయి ఫోన్లో కబుర్లాడుతూ ముడి సగమే బిగించాడు. తాడు సర్రున జారింది. పిన్ని కింది బాల్కనీ గోడకు కొట్టుకుని చెయ్యి విరగ్గొట్టుకుంది. ఆయనగారు మాత్రం "తాడు పాతదైపోయింది" అని చేతులు దులుపుకున్నాడు. అది కొత్త తాడని ఇద్దరికీ తెలుసు. నాకైతే ఒళ్లు మండిపోయింది.

చెయ్యి అతుక్కున్నాక పిన్ని మళ్లీ పనిలోకి వచ్చింది. నేను పక్కనే రంగు కలుపుతున్నాను. పలక ఎక్కే ముందు ఆవిడ తిన్నగా స్తంభం దగ్గరికి నడిచి, అందరూ చూస్తుండగానే ముడి లాగి చూసింది.

బాబాయి మొహం మాడిపోయింది. "నలుగురిలో నా పరువు తీస్తావా? నా మీద నమ్మకం లేదా?"

"లేదు."

మేస్త్రీ కల్పించుకున్నాడు. "మొగుడూ పెళ్లాల మధ్య అనుమానమేంటమ్మా? నోరు మూసుకుని దిగితే దిగు, లేదంటే ఇంటికెళ్లు."

వెళ్తే ఈ పని మళ్లీ ఎవరూ ఇవ్వరు. ఆవిడకు వచ్చిందీ, ఇష్టమైందీ ఇదొక్కటే.

పిన్ని పలకను మొగుడి ముందుకు తోసింది. "సరే, ఇవాళ నువ్వు దిగు. తాడు నేను పడతా. నమ్మకమంటూ అంత గొంతు చించుకుంటున్నావుగా, చూపించు."

అని తనే ముడి వేసింది. బాబాయి బింకంగా పిట్టగోడ దాకా వెళ్లి, ఒక కాలు అవతల వేశాడు. కిందికి చూశాడు. కాలు వెనక్కి తీసుకుని, గబగబా వచ్చి ముడి తడిమాడు.

ఎవరో కిసుక్కున నవ్వారు.

"ఏం, నా మీద నమ్మకం లేదా?" అంది పిన్ని.

బాబాయి తల దించుకున్నాడు. "ఆ రోజు ముడి నేనే సరిగ్గా బిగించలేదే."

"ఆ ముక్క నోట్లోంచి ఊడిపడ్డానికి ఇన్నాళ్లు పట్టిందా? పలక ఇటివ్వు."

ఈసారి బాబాయి ముడి వేసి, పక్కకు జరిగి, "చూసుకో" అన్నాడు. మేస్త్రీ అటు తిరిగి రంగు డబ్బా మూత తీసే పనిలో పడ్డాడు. పిన్ని ముడి గట్టిగా లాగి చూసింది. తర్వాత మొగుడి జేబులోంచి ఫోను తీసి, నా చేతిలో పెట్టి, దిగింది.