తెల్ల పీలిక లొట్టి

మా మామగారికి రెండు లొట్లు ఉండేవి. తాటిచెట్టుకి కట్టే చిన్న మట్టికుండలు. నల్లదాని అడుగున నిన్నటి మడ్డి రెండు గుక్కలు వదిలేసి, అలాగే చెట్టుకి కట్టేవారు. రాత్రంతా చుక్కచుక్కగా పడిన తియ్యటి నీరాని ఆ మడ్డే పులియబెట్టి, తెల్లారేసరికి కల్లు చేసేది. రెండోదాని మెడకి తెల్ల గుడ్డపీలిక ఉండేది. అందులోది తియ్యగానే దిగేది.

"నల్లది నాది, తెల్లది నా మనవరాలిది. అటూ ఇటూ అయ్యిందంటే మీ అత్త నన్ను చెట్టు దిగనివ్వదు" అనేవారు.

పాపకి అప్పటికి మూడేళ్లు నిండలేదు. ఏది తినిపించాలన్నా ముందు ఫోన్లో వెతికేదాన్ని. నీరా గురించీ వారం రోజులు చదివి, ఆ తరవాతే పొద్దున్నే అరగ్లాసు పట్టడం మొదలుపెట్టాను.

ఒక మధ్యాహ్నం తెల్ల పీలిక లొట్టి అరుగు మీద ఎండలో ఉంది. కాపురానికి వచ్చి నాలుగేళ్లయినా దాని లోపలికి నేనెప్పుడూ తొంగి చూడలేదు. చూస్తే లోపలంతా తెల్లటి పెచ్చు. నా బిడ్డ తాగేది ఇందులోంచా అని ఒళ్లు జలదరించింది. స్టీలు పీచుతో, సబ్బుతో మట్టిరంగు తేలేదాకా తోమి, వేడినీళ్లతో కడిగి, మళ్లీ అక్కడే పెట్టాను. సాయంత్రం మామగారు లోపల చూసుకోకుండా మొలకి తగిలించుకుని చెట్టెక్కేశారు.

మర్నాడు పొద్దున్న లొట్టి నా చేతికిచ్చి ఆయన పక్కచెట్టుకి వెళ్లిపోయారు. వడకడుతుంటే నురగ లేచింది. తాజాదనుకున్నాను. పాప అరగ్లాసు తాగి, ఇంకా కావాలంది. ఇంకో అరగ్లాసు పోశాను.

కాసేపటికి పాప గోడ పట్టుకుని ఊరికే నవ్వుతోంది. బుగ్గలు ఎర్రబడ్డాయి. నడవబోయి కూలబడింది. ఎత్తుకుంటే నోట్లోంచి కల్లు వాసన.

"నా బిడ్డకి కల్లు పట్టించారు, మామయ్యగారూ" అని వీధంతా వినేలా అరిచాను.

ఆయన పరుగున వచ్చి, మిగిలింది వేలితో రుచి చూశారు. తరవాత లొట్టిని వెలుగుకి తిప్పి లోపలికి చూశారు.

"సున్నం ఏదమ్మా?"

"ఏం సున్నం?"

"నిన్న పొద్దున్న పూసి ఆరబెట్టానే. సున్నం ఉంటేనే కదా పులవకుండా ఉంటాది."

పాపని భుజాన వేసుకుని ఆటో కోసం రోడ్డు మీదికి పరిగెత్తాను.

మా ఊరు అడవిపొలం నుంచి అత్తయ్య, మామగారితో ఆసుపత్రికి ఆటోలో వెళ్తున్నంతసేపూ, మూతలు పడుతున్న పాప కళ్లు చూస్తూ బుగ్గలు తడుతూనే ఉన్నాను. డాక్టరమ్మ వాసన చూసి, "ఎవరు పట్టారు ఇది?" అంది.

"నేనేనండి. ముసలోణ్ణి, లొట్లు మారిపోయాయి" అన్నారు మామగారు, నావైపు చూడకుండా.

"కాదండి. లొట్టి నేను కడిగాను."

"కడిగితే మంచిదేగా?" అందావిడ అర్థంకాక.

సున్నం సంగతి ఏడుస్తూ చెప్పాను. షుగర్ పడిపోకుండా గ్లూకోజు పెట్టి సాయంత్రం దాకా ఉంచారు. పాప కళ్లు తెరిచి, "తాతా, నీరా" అంది.

"నీళ్లు తాగమ్మా నా తల్లీ, నీరా లేదు, ఏం లేదు" అంది అత్తయ్య.

మర్నాడు మామగారు నల్ల లొట్టి ఒక్కటే తీసుకుని బయల్దేరారు. నేను తెల్ల పీలిక లొట్టీ, సున్నం డబ్బా తెచ్చి ఆయన ముందు పెట్టాను. ఆయన డబ్బా మూత తీసి నా వైపు జరిపారు.

"గుడ్డతో పుయ్యి. చెయ్యి మండుద్ది" అన్నారు.

ఇప్పుడు పాపకంటే ముందు నేను తాగుతాను. ఇది రాస్తూ కూడా మధ్యలో లేచి, నిద్రపోతున్న పాప ఊపిరి వాసన చూసి వచ్చాను.