ఒక లోడు ఇసుక, బెస్టు

మొన్న రేపల్లెలో నేను చేసిన ఘనకార్యం వింటే మీరు టీ గ్లాసు కింద పెట్టి మరీ నవ్వుతారు. నవ్వండి, పర్లేదు. నాకు మాత్రం ఇంకా నవ్వు రావట్లేదు.

తెనాలి చుట్టుపక్కల ఇళ్ల మీద సోలార్ ప్లేట్లు బిగిస్తుంటానని తెలుసుగా. రేపల్లెలో భాగ్యమ్మ పిన్నిగారని ఒకావిడ, ఇంటి ముందే ఇడ్లీ బండి పెడతారు. గ్రైండర్ కరెంటు బిల్లు భరించలేక సోలార్ పెట్టించుకుందామని పిలిచారు. శ్లాబు మీద స్టాండు బిగించాను గానీ, ఆవిడకి ఒకటే భయం.

"అబ్బాయ్, తుఫానుకి మా వంటింటి రేకులు లేచి పక్కింటి గేదె ముందు పడ్డాయి. నీ స్టాండు గాలికి ఆగుద్దా?"

"నోటి మాటెందుకు పిన్నిగారూ? రేపు లోడ్ టెస్ట్ చేసి చూపిస్తా!" అన్నాను, పెద్ద పోజు కొడుతూ.

పెద్ద పనేం కాదండి. శ్లాబుకి బిగించిన స్టాండుకి తాడు కట్టి, గిలక మీదుగా అవతలి కొసకి ఇసుక బస్తాలు వేలాడదీస్తాం. ఆ బరువు స్టాండుని పైకి లాగుతుంది. గాలి చేసేదీ అదే కదా. ఊడకపోతే పాస్! నాలుగు బస్తాల ఇసుక ఉంటే చాలు.

తిరుగు రైలెక్కి, ఆ ఊళ్లోనే ట్రాక్టర్ తోలించే బాబాయ్‌కి ఫోన్ కొట్టాను. ఒకటే రొద!

"బాబాయ్! రేపు పొద్దున్నే భాగ్యమ్మ గారింటికి ఇసుక కావాలి! లోడ్ టెస్ట్!"

"ఎంతా?"

"లోడ్ టెస్ట్ బాబాయ్, లోడ్ టెస్ట్!"

"సరేలేరా, అరవకు. బెస్టే పంపిస్తా."

ఆయన ఇసుక గురించి ఆయన గొప్పలు పోతున్నాడనుకున్నా. చూడండి నా తెలివి!

పొద్దున వెళ్లేసరికి పిన్నిగారి గేటుకి అడ్డంగా ట్రాక్టరు లోడు ఇసుక! ఇడ్లీ బండేమో గేటు లోపలే ఇరుక్కుపోయింది. ఇవతల జనం క్యారేజీలు పట్టుకుని నిలబడ్డారు. పాపం ఆవిడ గోడ మీదుగా అందించబోతే, సాంబారు కాస్తా ఒకాయన తెల్లచొక్కా మీద పడింది. దాంతో మిగతావాళ్లు మెల్లగా జారుకున్నారు.

"ఇదేంటి బాబాయ్?" అని ఫోన్లో మొత్తుకున్నా.

"ఏంట్రా? నువ్వేగా లోడు అన్నావ్, బెస్టు అన్నావ్! చూసుకో, ఒక్క గులకరాయి దొరికితే నన్నడుగు!"

ఇంకేం చేస్తాం! ప్యాంటు మడిచి పార పట్టాను. గేటు తెరుచుకునేసరికి టిఫిన్ల వేళ కాస్తా దాటిపోయింది. పిన్నిగారు చల్లారిపోయిన ఇడ్లీల మీద తడిగుడ్డ కప్పారు. నన్ను నాలుగు తిట్టినా బాగుండేది. ఆవిడ తెల్లారగట్ట లేచి పడ్డ కష్టమంతా నా నోటి మూలాన బూడిదపాలైంది.

టెస్ట్ మాత్రం చేశాం. ఇసుకకేం కొదవ! కావాల్సిన దానికి రెట్టింపు బస్తాలు వేలాడదీసినా స్టాండు ఇసుమంతైనా కదల్లేదు.

"చూశారా పిన్నిగారూ..." అన్నాను, చేతులకంటిన ఇసుక దులుపుకుంటూ.

ఆవిడ స్టాండుని చేత్తో ఊపి చూశారు. "బానే ఉంది, ప్లేట్లు బిగించెయ్ నాయనా. ఇకనించి సామాను ఏం కావాలన్నా నాకు చెప్పు, నేను ఫోన్ చేస్తా. నువ్వు మాత్రం చెయ్యకు."

నాలుగేళ్లు ఇంజనీరింగ్ చదివానండీ! నాలుగు బస్తాల ఇసుక కావాలని తెలుగులో అడగడం చేతకాలేదు.