ఆపినా లేచిన గది

ఇది అబద్ధమైతే నా కళ్ళు పోతాయి. నవ్వేవాళ్ళు ఇప్పుడే నవ్వేసి కూర్చోండి. మధ్యలో నవ్వితే నాకు ఒళ్ళు మండుతుంది.

అప్పటికి రెండు వేల సంవత్సరం దాటి కొన్నేళ్ళయింది. అమలాపురంలో ఒక మేడ మీద మా అక్క భర్త సత్తిబాబు గారూ, నేనూ సర్వరు నడిపేవాళ్ళం. యంత్రం ఒక్కటే. అందులో ఆపరేటింగ్ సిస్టమూ ఒక్కటే. దాన్నే గదులుగా విడగొట్టి, వెబ్‌సైట్లు పెట్టుకునేవాళ్ళకు అద్దెకిచ్చేవాళ్ళం. ఏ గదిలోవాడికి ఆ గదే మొత్తం యంత్రం. పక్కగది కనబడదు. మా కుర్చీలోంచి మాత్రం అన్నీ కనబడతాయి.

అందులో ఒక గది ముమ్మిడివరం రొయ్యల వ్యాపారిది. ఆయన్ని చెరువుగట్టు మీద ఎవరో నరికి చంపారు. ఆ వారంలోనే ఆయన గది మెమరీ అంతా మింగడం మొదలుపెట్టింది. మిగతా గదులు ఊపిరాడక పడిపోతున్నాయి. కస్టమర్లు ఫోన్లలో నన్ను తిడుతున్నారు.

"ఆపేస్తానండి బావగారూ!"

"పెద్దకర్మ అవ్వనీరా రాంబాబూ. పోయినాయన పేరున ఉన్నది అప్పుడే తీసెయ్యకూడదు."

"సర్వరుకి కర్మలేంటండీ?"

"ఆయ్, నీకు తెలీదులే. ఉంచు."

నాకు చిర్రెత్తుకొచ్చింది. ఆ రాత్రి కరెంటు పోయింది. యూపీఎస్ కీచు... కీచుమంటోంది. బావగారు జనరేటర్‌లో డీజిల్ పోయడానికి వసారాలోకి వెళ్ళారు. వెళ్ళగానే ఆ గది ఆపేశాను.

ఆగింది. మళ్ళీ లేచింది.

ఇంటర్నెట్ కేబుల్ పీకేశాను. బయటినుంచి ఇక దారి లేదు. అయినా ఆ గదిలో ఎవరో ఉన్నారు... తెర మీద అక్షరాలు పడుతున్నాయి. నా చేతులు ఒళ్ళోనే ఉన్నాయి. ఒక్కో అక్షరం... ఆగి... ఇంకో అక్షరం...

రాంబాబు.

ఆ గదిలోంచి నేను కనబడకూడదు కదా!

గదిని బలవంతంగా చంపే కమాండు కొట్టాను. వసారాలో... దబ్! "అమ్మా!" బావగారి కేక. కాలు జారిందనుకున్నాను. గది మళ్ళీ లేచింది. మళ్ళీ కొట్టాను. ఈసారి కేక లేదు. పచ్చికాయలో కత్తి దిగిన చప్పుడు...

యూపీఎస్ వైరు లాగేశాను. చీకటి. చుక్క... చుక్క... ఏదో కారుతోంది. డీజిలనుకున్నాను. టార్చి వేస్తే నేలంతా నెత్తురు. ఆయన మెడ మీద ఒక వేటు, భుజం మీద ఒకటి. పక్కన మేం కొబ్బరిబొండాలు కొట్టుకునే కత్తి. మెట్ల తలుపుకి లోపలి గడియ వేసే ఉంది. నేను ఏడుస్తూ తువ్వాలు అదిమి పట్టుకున్నాను.

బతికారు. చీకట్లో కత్తి మీద పడ్డానని పోలీసులకు చెప్పారు. అక్కకూ అదే చెప్పారు. ఆస్పత్రిలో ఇద్దరమే ఉన్నప్పుడు మాత్రం నా చెయ్యి పట్టుకున్నారు.

"ఎందుకురా అలా నరికేవు? అంత కోపముంటే నేనే ఆపేసేవాణ్ణి కదా..."

ఆ రాత్రి కమాండు కొడుతున్నంతసేపూ నేను కుర్చీలోంచి లేవలేదు. లేవలేదనే... అనుకుంటున్నాను.